తాత చివరి మసి

నవంబర్ 9, ఆదివారం

ఈ డైరీ ఒక శాస్త్రీయ పరిశోధన నిమిత్తం ప్రారంభింపబడినది.

పరిశోధకుడు: క్విరిన్, వయసు ఇరవై మూడు, సాల్స్‌బుర్గ్‌లో రసాయన శాస్త్రం, మూడో సంవత్సరం, రెండోసారి. శని ఆదివారాలు, ఒంట్లో బాగులేదని ప్రొఫెసర్లకు రాసిన రోజులు సొంతూరు లోహెక్‌లో.

పరిశోధనా వస్తువు: తాత పిస్తోలు గొట్టంలోని మసి. గొట్టం జానెడు కూడా ఉండదు. పొట్టిది, లావుది. నోట్లో బొటనవేలు సులువుగా పడుతుంది. గుండు ఉండదు. మందు పోసి, బిరడా దట్టించి, చప్పుడు కోసం మాత్రమే పేలుస్తాం. మా ఊళ్ళో దేవుడికీ, పెళ్ళికూతురికీ, శవానికీ ఒకటే మర్యాద.

మసి వయసు: పది నెలల ఎనిమిది రోజులు.

పరిశీలన: రంగు నలుపు. వాసన కుళ్ళిన కోడిగుడ్డు, ఇప్పుడు బాగా తగ్గింది. నోటి దగ్గర ఒకచోట ఎరుపు తిరిగింది. దాన్ని తుప్పు అని రాయడానికి ప్రస్తుతం ఆధారాలు చాలవు.

నానమ్మ తలుపు కొట్టింది.

"ఏం చేస్తున్నావురా లోపల?"

"చదువుకుంటున్నా."

"అందుకా అంత నిశ్శబ్దం! ఏమైపోయావో అని హడలిపోయా."

నవంబర్ 11, మంగళవారం

ఎరుపు పెరగలేదు. కొలవలేదు. అయినా పెరగలేదు.

నవంబర్ 16, ఆదివారం

యుద్ధంలో పోయినవాళ్ళ రోజు. చర్చి దిబ్బ మీద ఇరవై నలుగురం టోపీలు పెట్టుకుని, పిస్తోళ్ళు ఎత్తి, వరసగా నిలబడ్డాం. మా పిస్తోలు దళం పెద్ద గీడి బాబాయ్ కత్తి దించాడు. ఒకే దెబ్బ. కొండ ఆ చప్పుడును మింగి, నమిలి, తిరిగి ఊరి మీద ఉమ్మేసింది.

నా ఎడమపక్క కాస్పర్. ఊరి నీటిగొట్టాలన్నీ వాడే బాగుచేస్తాడు కాబట్టి గొట్టాల విషయంలో తనకు తిరుగులేదని వాడి నమ్మకం.

"ఒరేయ్, నీ దాంట్లోంచి పొగే రాదేంట్రా?"

"నాది సంస్కారం గల పొగ. పదిమందిలో బయటికి రాదు."

"మందు మిగుల్చుకుంటున్నావా ఏంటి, కట్నంలో ఇద్దామని?"

"నీ చెల్లెలికి చెప్పు, అదొక్కటే ఇవ్వగలను."

అందరూ నవ్వారు. గీడి బాబాయ్ కూడా నవ్వాడు, నా పిస్తోలు వంక చూస్తూ.

ఇంటికొచ్చాక కడిగే కార్యక్రమం యథావిధిగా జరిగింది. నానమ్మ దగ్గర బకెట్ వేడినీళ్ళు తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. తలుపు వేశాను. మూల పడున్న ఒక పాత ఇనప పైపు మీద బ్రష్షుతో పది నిమిషాలు గీకాను, వంటింట్లోకి వినపడేలా. నీళ్ళు షెడ్డు వెనక, తాత పోసే చోటే పారబోశాను. అక్కడ గడ్డి బాగా వచ్చింది ఈ ఏడు.

పరిశోధకుడు తనకు తాను అబద్ధం చెప్పుకోకూడదు కాబట్టి నమోదు చేస్తున్నాను: నేను మందు పోయడం లేదు. మందుకి నిప్పంటించే క్యాప్ ఒక్కటే పెడుతున్నాను. పిస్తోలు గుర్రం, అంటే వెనకుండే చిన్న సుత్తి, దాని మీద పడితే చిటుక్కుమంటుంది. ఇరవై మూడు పేలుళ్ళ మధ్య ఇరవై నాలుగోది చిటుక్కుమంటే వినడానికి ఆ దేవుడికి కూడా తీరిక ఉండదు. జూన్‌లో ఊరేగింపు, జూలైలో బేకరీవాళ్ళ అమ్మాయి పెళ్ళి, ఇవాళ. మూడుసార్లు. ఇది మోసం కాదు. నమూనాను భద్రపరచడం. మందు పోసి పేలిస్తే పాత మసి మీద కొత్త మసి పడుతుంది. కడిగితే రెండూ పోతాయి.

పొద్దున పేల్చడం అయ్యాక, దిబ్బ దిగేముందు గీడి బాబాయ్ రెండు ప్రకటనలు చేశాడు.

ఒకటి: డిసెంబర్ 17న క్రిస్మస్ పేలుళ్ళు మొదలయ్యే రోజు ఈసారి కలిపి పేల్చడం లేదు, వరస పేల్చడం. ఒకరి చప్పుడు కొండ దాకా వెళ్ళి తిరిగొచ్చాకే తర్వాతివాడు. వరస పిస్తోలు వయసును బట్టి, మనిషిది కాదు. తాత పిస్తోలు మూడోది. కాబట్టి నేను మూడో.

రెండు: డిసెంబర్ 13న గొట్టాల తనిఖీ. జనవరిలో ప్రభుత్వ పరీక్షకు పంపాలి కాబట్టి ముందుగా తానే వేలు పెట్టి చూస్తాడు. "తుప్పు తగిలితే ఆ పిస్తోలు ఇక గోడకే. ఆ చోటు ఖాళీ" అన్నాడు.

ఈ రెండు ప్రకటనలూ పరిశోధన మీద ప్రభావం చూపవు.

నవంబర్ 18, మంగళవారం

పరిశోధన నేపథ్యం. ఇదివరకే రాయాల్సింది.

తాత కోర్బినియన్ నలభై ఏడేళ్ళు పేల్చాడు. ఆయనకి నియమం ఒక్కటే: పేల్చిన పూటే కడగాలి, కడిగాకే తినాలి. మందు కాలాక మిగిలే మసి గాలిలోని తేమను పీలుస్తుంది. తెల్లారేసరికి ఇనుము మీద పని మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు నేర్పడానికి విశ్వవిద్యాలయానికి రెండు సెమిస్టర్లు, ఒక చార్టు, పొటాషియం లవణాల పేర్లు నాలుగు అవసరమయ్యాయి. తాత ఒక్క ముక్కలో చెప్పాడు. "అది నీకంటే ఆకలి మీదుంటుందిరా. ముందు దాని సంగతి చూడు."

మొన్న జనవరి ఒకటిన పేల్చి వచ్చి పిస్తోలు వంటింటి బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూలబడ్డాడు. "రేపు కడుగుతా" అన్నాడు.

నానమ్మ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూసింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఆ మాటలో వింతేమిటో నాకప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున కాఫీ కప్పు ఎత్తబోయాడు. చెయ్యి లేవలేదు. ఆసుపత్రిలో ఆరు వారాలు. ఫిబ్రవరి 13న పోయాడు.

17న ఆయన్ని పూడ్చేటప్పుడు, సమాధుల దగ్గర, గీడి బాబాయ్ మా ఇంట్లోంచి ఆయన పిస్తోలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ తాత చోటు ఇక నీదిరా." నాకు లైసెన్సు అంతకుముందు శరత్కాలంలోనే వచ్చింది. పరీక్షలో నూటికి తొంభై ఆరు. ఆ పాఠ్యపుస్తకం మొదటి పేజీ, మొదటి వాక్యం: ఎవరి చేతిలోంచి తీసుకున్నా గొట్టంలోకి ఒకసారి చూడు.

చూడలేదు.

మందు పోశాను. తాత కోసిన బిరడాల డబ్బాలోంచి ఒకటి తీసి, కట్టెసుత్తితో దట్టించాను. క్యాప్ పెట్టాను. కత్తి కిందికి దిగింది. ఒకే దెబ్బ. అటూ ఇటూ చేతులన్నీ అదిరాయి. నాదీ అదిరిందనుకున్నాను.

తర్వాత సత్రంలో భోజనాలు. కాలేయం ఉండల సూప్. పిస్తోలు బెంచీ మీద, నా తొడ పక్కన ఉంది. ఊరికే, ఏం తోచక, గొట్టంలో వేలు పెట్టాను. బిరడా తగిలింది.

అది పేలలేదు. క్యాప్ నిప్పు లోపలికి వెళ్ళలేదు. కప్పులు ఎత్తుతూ దించుతూ ఉన్న నలభైమంది మధ్య, నిండుగా దట్టించిన పిస్తోలు పక్కన పెట్టుకుని నేను సగం సూప్ తాగాను.

సత్రం ఆవిడ దగ్గర సీసామూతలు లాగే మరతీగ అడిగి తీసుకుని వెనక వాగు దగ్గరికి వెళ్ళాను. బిరడా లాగాను. మందు నీళ్ళలో పోశాను. "వైన్ ఎక్కడ దాచావురా అక్కడ?" అని ఆవిడ అడిగింది. తిరిగొచ్చి మిగతా సగం సూప్ తాగాను. బాగా చల్లారింది.

కోర్బినియన్‌కి ఇరవై నాలుగు పేలాయని ఊరంతా చెప్పుకుంటోంది. ఇరవై మూడే. పేలనిది ఆయనదే.

దీనివల్ల నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించడం లేదు. లెక్కలో చిన్న సవరణ, అంతే. బిరడా నా పెన్సిళ్ళ డబ్బాలో ఉంది.

నవంబర్ 23, ఆదివారం

డిసెంబర్ 17న జ్వరం రావచ్చు. ఆ రోజే పరీక్ష ఉందని చెప్పవచ్చు. ఉన్నది నిజమే, కానీ నన్నెరిగిన వాళ్ళెవరూ నమ్మరు.

వేరే పిస్తోలు అడిగి తెచ్చుకోవచ్చు. కానీ వేరే పిస్తోలు వేరే చోటుకి వెళ్తుంది. మూడో చోటు మూగగా ఉంటుంది. కిటికీల దగ్గర ఊరంతా లెక్కపెడుతుంటుంది. నానమ్మ కూడా.

నవంబర్ 30, ఆదివారం

క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలకి నాలుగు కొవ్వొత్తులు; ఇవాళ మొదటిది వెలిగించాం. నానమ్మ దాల్చినచెక్క బిస్కెట్లు చేసింది. తాత కుర్చీలో పిల్లి పడుకుంది. ఎవరూ దాన్ని లేపలేదు.

గొట్టంలో వేలు పెట్టి తీశాను. గోధుమరంగు.

తుప్పు. రాశాను.

డిసెంబర్ 6, శనివారం

అద్భుతమైన పరిష్కారం దొరికింది. మసిని గీకి సీసాలో పోసి దాచుకుంటే గొట్టాన్ని నిశ్చింతగా కడిగేయవచ్చు. నమూనాకి నమూనా, పిస్తోలుకి పిస్తోలు. ప్రయోగశాల నుంచి మూత బిగుతుగా ఉండే సీసా తెచ్చాను. పేరు చీటీ కూడా రాశాను: "కో., జనవరి 1."

చెక్కపుల్లతో కాస్త గీకి పోశాను. వెలుతురులో పెట్టి చూశాను.

పొయ్యిలో బూడిద ఇలాగే ఉంటుంది. కాస్పర్ వాళ్ళ పొగగొట్టంలోదీ ఇలాగే ఉంటుంది. గొట్టంలో ఉన్నంతసేపే అది తాతది. సీసాలో పోస్తే ఎవరిదీ కాదు.

చీటీ చింపేశాను. ఇక గీకలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

క్లాసులో ఇనుము మీద తేమ చేసే పని గురించి ప్రొఫెసర్ అడిగారు. చెయ్యెత్తాను. ఈ ఏడాదిలో మొదటిసారి. ఆరు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. "ఇంత శ్రద్ధగా ఎక్కడ గమనించావయ్యా?" అన్నారు.

ఇంట్లో, అన్నాను.

డిసెంబర్ 12, శుక్రవారం

రేపే తనిఖీ. మధ్యాహ్నం బండికి ఇంటికొచ్చాను. షెడ్డులో పిస్తోలు బల్ల మీద పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. పరిశోధన అనే మాట ఇవాళ వాడను.

నానమ్మ భుజంతో తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఒక చేతిలో ఆవిర్లు కక్కుతున్న బకెట్, ఇంకో చేతిలో తాత బ్రష్షు.

"మొన్నే కడిగాగా నానమ్మా."

"కడిగావు. బకెట్‌ని కడిగావు. జూన్ నుంచి తెగ కడుగుతున్నావు. నా కాపురంలో ఇంత శుభ్రమైన బకెట్ ఎన్నడూ ఎరగను."

"నీకెలా తెలుసు?"

"ఈ షెడ్డు వెనకాల నలభై ఏడేళ్ళు గడ్డిపోచ మొలిచిన పాపాన పోలేదు. మీ తాత పోసిన నల్లనీళ్ళ పుణ్యం అది. ఈ ఎండాకాలం మోకాలెత్తు పెరిగింది. కాస్పర్ వాళ్ళ మేక వచ్చి మేసి పోయింది. మేకకి తెలిసింది, నాకు తెలీదట్రా?"

"మరి అడగలేదేం?"

"కాలేజీకి పోతున్నావుగా. వాడికే తెలుస్తుందిలే అనుకున్నా. చదువు నెమ్మదిగా ఎక్కుతుందని నాకేం తెలుసు?"

నవ్వుదామనుకున్నాను. కానీ నోరు తెరిస్తే ఇంకొకటి వచ్చింది. సమాధుల దగ్గర ఆయన పిస్తోలు పేలలేదని చెప్పాను. ఇరవై మూడే పేలాయని చెప్పాను. సూప్ సంగతీ, మరతీగ సంగతీ, అన్నీ. ఇంతవరకూ బయటికి అనని మాటలు. వరస తప్పి వచ్చాయి.

నానమ్మ బకెట్ కింద పెట్టింది. 

"నయమే. ఆ రోజు నీ చేతులు చూశా. పేలుంటే ఫాదర్ గారి టోపీ ఎగిరిపోయేది."

"నానమ్మా."

"అయితే ఆయనది ఇంకా పేలాల్సే ఉందన్నమాట."

"ముందు ఇది కడగాలి. కడిగితే..." అని ఆగాను. "ఇందులో ఉన్నది ఆయన చివరిది."

"కాదురా. ఆయన చివరి పని ఇది కడగడం. అది చెయ్యకుండా పోయాడు." బ్రష్షు నా చేతిలో పెట్టింది. "నువ్వు చెయ్యి."

చేశాను.

మొదట ఎర్రటి నీళ్ళు వచ్చాయి. తర్వాత గోధుమరంగు. తర్వాత అసలు నలుపు, చిక్కగా, దాంతోపాటు వాసన. పది నెలల తర్వాత, నీళ్ళు తగలగానే, నిన్నగాక మొన్న పేల్చినట్టు కుళ్ళిన కోడిగుడ్డు.

"అబ్బా! ఈ కంపుతో కాపురం చేశాన్రా నేను" అంది నానమ్మ. ముక్కు మాత్రం మూసుకోలేదు. బకెట్ దగ్గరికి ఇంకొంచెం వంగింది.

క్యాప్ కూర్చునే చిన్న ముక్కు విప్పి, దాని రంధ్రంలో సూది పెట్టాను. క్యాప్ నిప్పు మందుకి చేరే దారి అదే. సూది ఆగింది. తిప్పితే లోపల్నుంచి గట్టిపడిన మసి పెళ్ళ ఒకటి ఊడి అరచేతిలో పడింది. ఆవగింజంత ఉంది.

అంటే, తన అంత్యక్రియల్లో తన పిస్తోలు నోరు నొక్కింది తాతే. జనవరి ఒకటిన బద్ధకించి. ఆయన జీవితంలో చేసిన ఏకైక బద్ధకం. నేను చూడకపోవడం దాని మీద రెండో పొర.

"ఇంతేనా?" అంది నానమ్మ అరచేతిలోకి చూస్తూ.

"ఇంతే."

ఉఫ్‌మని ఊదేసింది.

నల్లనీళ్ళు తనే తీసుకెళ్ళి షెడ్డు వెనక పోసింది. నేను గొట్టం తుడిచి, నూనె రాసి, దీపం పెట్టి లోపలికి చూశాను. నోటి దగ్గర మూడు గుంటలు, అడుగున ఒకటి. అవి పోవు. అవి నావి.

డిసెంబర్ 13, శనివారం

దళం గదిలో తనిఖీ. గీడి బాబాయ్ చిటికెనవేలు ఒక్కో గొట్టంలో పెట్టి, కళ్ళు మూసుకుని, వైద్యుడు నాడి చూసినట్టు తిప్పుతాడు. కాస్పర్ పిస్తోల్లో పెట్టి "వెన్న" అన్నాడు. కాస్పర్ ఊరంతా వినపడేలా దగ్గాడు.

నా దానిలో పెట్టాడు. తిప్పాడు. ఆగాడు. మళ్ళీ తిప్పాడు. కళ్ళు తెరిచాడు.

"ఎన్నాళ్ళు వదిలేశావురా?"

"జనవరి నుంచి, బాబాయ్."

 కాస్పర్ నోరు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూశాడు. వాడి జీవితంలో అది రికార్డు.

"జూన్‌లో పేల్చలేదా?"

"లేదు."

"పెళ్ళిలో?"

"లేదు. మొన్న కూడా లేదు." ఊపిరి తీసుకున్నాను. "ఫిబ్రవరిలో కూడా పేలలేదు. అది మాత్రం కావాలని కాదు."

గీడి బాబాయ్ దీపం తెప్పించి గొట్టంలోకి చూశాడు. అంత పొట్టి గొట్టంలో అంతసేపు చూడటానికి ఏముంటుందో తెలియదు.  

"గుంటలు పైపైనే. ఈ క్రిస్మస్‌కి తట్టుకుంటుంది. జనవరి పరీక్షలో నెగ్గుతుందో లేదో నేను చెప్పలేను. పోతే పోయినట్టే, నా దగ్గరికొచ్చి ఏడవకు."

"ఏడవను, బాబాయ్."

"ఇక ఆ పొగ సంగతి. మొదటిసారే పసిగట్టా. మీ తాత పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి. ఆయన పొగ నా ఎడమకంట్లో పడేది. జూన్‌లో కంట్లో ఏమీ పడలేదు." పిస్తోలు నా చేతిలో పెట్టాడు. "బుధవారం మూడో చోటు. నిజంగా పేలుస్తావా, లేక రెండో తర్వాత నాలుగోవాణ్ణి పేల్చమని ఇప్పుడే చెప్పమంటావా? ఏదైనా నాకు పరవాలేదు. చెప్పు చాలు."

నాలుగోవాడు కాస్పర్. వాడు నా వంక చూడకుండా పైకప్పు వంక చూస్తున్నాడు.

"పేలుస్తాను" అన్నాను.

డిసెంబర్ 16, మంగళవారం

చెయ్యి బానే ఉంది. చూసుకున్నాను. మూడుసార్లు.

డిసెంబర్ 17, బుధవారం

పరీక్షకి వెళ్ళలేదు. మూడో సంవత్సరం, మూడోసారి.

మధ్యాహ్నం మూడు. మంచు మడమల దాకా ఉంది. గాలి లేదు. ఊరి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మా వంటింటి కిటికీ దిబ్బ మీద నుంచి అగ్గిపెట్టెంత కనపడుతుంది. అందులో నానమ్మ ఆప్రాన్ తెల్లగా.

ముందు గొట్టంలోకి చూశాను. ఖాళీ. శుభ్రం. మందు పోశాను. జేబులోంచి పెన్సిళ్ళ డబ్బా తీశాను.

"బిరడా లేదా? నాది ఇవ్వనా?" అన్నాడు కాస్పర్. మామూలుగానే అన్నాడు.

"ఉంది."

ఫిబ్రవరిది. తాత కోసినది. మరతీగ చేసిన రంధ్రం నడుమ అలాగే ఉంది. దట్టించాను. కట్టెసుత్తి నాలుగు దెబ్బలు. క్యాప్.

మొదటిది పేలింది. కొండ తిరిగి ఇచ్చింది. రెండోది పేలింది. ఆ చప్పుడు కొండ దాకా వెళ్తూ ఉంది. వెళ్తూనే ఉంది. ఇంత దూరమా ఆ కొండ? నా చెయ్యి పైన ఉంది. రెండోదాని ప్రతిధ్వని తిరిగి వచ్చింది, దిబ్బ దాటింది, ఊరు దాటింది, అయిపోయింది.

"ఇక కానీరా, చలేస్తోంది" అన్నాడు కాస్పర్ పెదాలు కదపకుండా.

గుర్రం వదిలాను.

భుజం దాకా తన్నింది. అదిరిందనుకోనక్కర్లేదు, అదిరింది. బూడిదరంగు పొగ ఇంత మేఘమై ముందుకెళ్ళి, మనసు మార్చుకున్నట్టు కుడివైపు తిరిగి గీడి బాబాయ్ మొహం మీదికి పోయింది. ఆయన ఎడమకన్ను నలుపుకున్నాడు. చాలాసేపు నలుపుకున్నాడు.

కొండ తిరిగి ఇచ్చింది.

నాలుగోది పేలింది. కాస్పర్ ఇవాళ మరీ గట్టిగా దట్టించాడు, వెధవ, నన్ను మించాలని.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఉడికే రొట్టెముద్దల వాసన, వేయించిన ఉల్లిపాయల వాసన. పొద్దున నుంచి ఏమీ తినలేదు. కుర్చీ లాగాను. పిల్లి దిగలేదు. ఇంకో కుర్చీ లాగాను.

"ఇరవై నాలుగు" అంది నానమ్మ, వెనక్కి తిరక్కుండా. తర్వాత గరిటెతో బకెట్ వైపు చూపించింది. "నీళ్ళు కాగాయి. ముందు దాని సంగతి చూడు."

మసి వయసు: ఒక గంటా పది నిమిషాలు. రంగు నలుపు. వాసన సంపూర్ణం. నీళ్ళు తగలగానే అంతా ఒక్కసారిగా వదిలేసింది, పట్టుకోవడానికి ప్రయత్నించలేదు. వేలు పెట్టి చూశాను. తడి ఇనుము, నాలుగు గుంటలు. ఇంకేం లేదు.

పరిశోధనా వస్తువు లేనందున పరిశోధన ముగిసినది.

నీళ్ళు షెడ్డు వెనక మంచు మీద పోశాను. మంచులో నల్లటి గుంట పడింది, కింద మట్టి కనపడేదాకా. వచ్చే జూన్‌లో అక్కడ గడ్డి రాదు.